నర్సింగ్‌లో పీజీ చేస్తే అదనంగా ఏమొస్తుంది?

నమస్కారం అండీ. నర్సింగ్‌లో పీజీ చేస్తానని ఎవరైనా అనగానే ఎదురయ్యే మాట ఒకటే. "చదివి ఏం లాభం, మళ్లీ అదే డ్యూటీ కదా?" వయోజనుల వైద్యంలో అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్, అంటే నర్సే పేషెంటుని పరీక్షించి కారణం ఆలోచించే స్థాయి చదువు గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ముందు ఒక కేసు చూడండి.

పొట్ట ఆపరేషన్ అయిన పేషెంటు, రెండో రోజు. బీపీ పై అంకె 124, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 97, జ్వరం లేదు, తెలివిలోనే ఉన్నారు, ఆక్సిజన్ పెట్టలేదు. పల్స్ 104, శ్వాస నిమిషానికి 24. ఇలాంటి అంకెల్ని బట్టి పేషెంటు పరిస్థితి దిగజారుతోందేమో లెక్కగట్టే న్యూస్ టూ (NEWS2) స్కోరు వేయండి. శ్వాసకి 2, పల్స్‌కి 1, మొత్తం 3. ఆ స్కోరు 5కి చేరితేనో, ఏదో ఒక్కదానికే 3 పడితేనో గానీ అర్జెంటుగా చూడమనదు. అంటే కాగితం మీద కంగారేం లేదు.

కానీ నిన్న రాత్రి షీటులో శ్వాస 14 ఉంది. పీజీలో నేర్పేది ఇక్కడే మొదలవుతుంది. 14 కాస్తా 24 ఎందుకైంది? నొప్పా? ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుందా? రక్తం గడ్డ వెళ్లి చిక్కుకుందా? కుట్లు లీకై సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌తో ఒళ్లంతా దెబ్బతినడం) మొదలైందా? సాచురేషన్ బాగానే ఉందిగా అంటారా, రక్తంలో ఆమ్లం పెరిగినప్పుడు శరీరం గబగబా ఊపిరి తీసి కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోసేస్తుంది. అప్పుడు ఆక్సిజన్ అంకె చెక్కుచెదరకపోవచ్చు. అందుకే ఛాతీ వినాలి, పొట్ట నొక్కి చూడాలి, పిక్కలు చూడాలి, యూరిన్ ఎంత వచ్చిందో లెక్క తీయాలి, బ్లడ్ గ్యాస్, లాక్టేట్ అనే రక్తపరీక్షల గురించి ఆలోచించాలి. డాక్టర్‌కి ఫోన్ చేసి "శ్వాస ఎక్కువుంది సార్" అని ఊరుకోకుండా, "నాకు ఫలానాది అనుమానం, కారణం ఇది" అనాలి. (వాచీ చూడకుండా అందరికీ 20 అని రాసేసే వార్డుల్లో ఇదంతా కుదరదు, అది వేరే కథ.)

ఇక ఫార్మకాలజీ. 80 ఏళ్ల ఆవిడ, బరువు 40 కిలోలు, క్రియాటినిన్ (కండ నుంచి వచ్చి కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) 1. రిపోర్టులో నార్మలే. కాక్‌క్రాఫ్ట్ గాల్ట్ ఫార్ములాలో వేస్తే క్లియరెన్స్, అంటే కిడ్నీలు దాన్ని వడగట్టే వేగం, 28 దగ్గర, బాగా తక్కువగా తేలుతుంది. ఒంట్లో కండ తక్కువ, కాబట్టి క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. డోసు తగ్గించాల్సిన మందులు ఎన్నో బయటపడతాయి. కొత్త మందు రాయడం కంటే ఉన్నది ఆపించడమే కష్టమైన విద్య అని నా అభిప్రాయం.

నర్స్ ప్రాక్టీషనర్ అనే ఈ దారి 1965లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో మొదలైంది. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే డాక్టర్ కలిసి పెట్టారు, అదీ పిల్లల వైద్యానికి. ఇప్పుడు అంతర్జాతీయ నర్సుల మండలి 2020 మార్గదర్శకాల్లో కనీస అర్హత మాస్టర్స్ అంది. మందులు రాసే అధికారం మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది.

అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ చదువుకి పెట్టిన 2022 ప్రమాణాలు పేషెంట్ల దగ్గర చేయాల్సిన కనీస గంటల్ని 500 నుంచి 750కి పెంచాయి. నాకైతే అదీ తక్కువే. కోర్సులో చేరేముందు ఫీజు, సిలబస్ ఎలాగూ అడుగుతారు. మీరు చేసిన పని రాసుకునే లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేది ఎవరో కూడా అడగండి. మీరు పేషెంటుని పరీక్షిస్తుంటే ఆ మనిషి పక్కన నిలబడి చూస్తారా, లేక నెలాఖరున పేజీలన్నీ ఒకేసారి సంతకం చేసి ఇచ్చేస్తారా? ఇది మాత్రం సీనియర్ బ్యాచ్ వాళ్లని అడిగితేనే తెలుస్తుంది.