ఇంటికి భూగోళం అవతల: విదేశీ రగ్బీ ఆటగాడికి కష్టమొస్తే అభిమానులు ఏం చేయాలి?

[తెరపై: ఫిజీ 17 – జార్జియా 12]

వ్యాఖ్యానం: 2023 సెప్టెంబర్ 30, రగ్బీ ప్రపంచ కప్. ఫిజీ గెలిచింది. ఆ మ్యాచ్ ముందురోజే ఫిజీ జట్టులో సెంటర్ స్థానంలో ఆడే జోసువా టుయిసోవాకి ఇంటి నుంచి కబురొచ్చింది. చాన్నాళ్ళుగా జబ్బుతో ఉన్న ఏడేళ్ళ కొడుకు పోయాడని. టుయిసోవా జట్టుతోనే ఉండిపోయాడు.

జాతీయ జట్టులో ఉన్నప్పుడు చుట్టూ సొంత భాష మాట్లాడేవాళ్ళు ఓ ముప్ఫై మంది ఉంటారు. అదే కబురు ఇంగ్లండ్‌లో ఏదో ఊరి క్లబ్‌లో, తనొక్కడే ఫిజీవాడైన చోట వస్తే? ఆ ఊరి అభిమానులు ఏం చేయొచ్చు, ఎక్కడ చెడగొడతారు, ఈ వీడియోలో చూద్దాం.

ఫిజీ మనకి మరీ పరాయి ఊరేం కాదు లెండి. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా అక్కడి చెరకు తోటలకి వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు.

[తెరపై: మొదటి 24 గంటలు]

వ్యాఖ్యానం: ముందు చేయాల్సింది, సోషల్ మీడియాలో ఏమీ పెట్టకపోవడం. ఫిజీ గడియారం ఇంగ్లండ్ కంటే చలికాలంలో 12 గంటలు, వేసవిలో 11 గంటలు ముందుంటుంది. మీరు సాయంత్రం 'రిప్' అని పోస్ట్ పెట్టే సమయానికి అక్కడ తెల్లవారుతుంటుంది. చావు కబురు ఇంకా అందని మేనత్తకో తాతకో అది మీ పోస్ట్‌లోనే తెలుస్తుంది. క్లబ్ ప్రకటన ఇచ్చేదాకా ఆగండి.

అభిమానుల సంఘం నుంచి ఒక్కరే క్లబ్ టీమ్ మేనేజర్‌తో మాట్లాడాలి. పది మంది పది ఫోన్లు చేస్తే ఆ మేనేజర్ టికెట్ బుక్ చేయడం మానేసి మీకు జవాబులు చెప్తూ కూర్చుంటాడు. క్లబ్ నుంచి స్పందన లేకపోతే వేరే దారులున్నాయి. ఇంగ్లండ్‌లో రగ్బీ ప్లేయర్స్ అసోసియేషన్, ఫ్రాన్స్‌లో ప్రొవాల్ ఆటగాళ్ళ సంఘాలు. పసిఫిక్ ద్వీపాల వాళ్ళ కోసమే సమోవా మాజీ ఆటగాడు డాన్ లియో పెట్టిన పసిఫిక్ రగ్బీ ప్లేయర్స్ వెల్ఫేర్ కూడా ఉంది.

[తెరపై: లండన్ నుంచి ఫిజీలోని నాడి వరకు రెండు దారులు, మ్యాప్]

వ్యాఖ్యానం: ఇప్పుడు ప్రయాణం. అసలు చిక్కులన్నీ ఇక్కడే. లండన్ నుంచి ఫిజీ ప్రధాన విమానాశ్రయం ఉన్న నాడికి నేరుగా విమానం లేదు, ఎలా వెళ్ళినా ఒక రోజు దాటుతుంది. చవగ్గా ఉందని ఎవరో లాస్ ఏంజెలెస్ మీదుగా టికెట్ కొనేస్తారు. ఫిజీ పాస్‌పోర్ట్ మీద అమెరికాలో విమానం మారాలన్నా వీసా కావాలి. అది లేకపోతే లండన్‌లోనే విమానం ఎక్కనివ్వరు. సింగపూర్ మీదుగానో హాంకాంగ్ మీదుగానో చూడండి.

దీనికన్నా పెద్ద గొయ్యి ఇంకోటుంది. ఆటగాడి బ్రిటన్ వీసా పొడిగింపు దరఖాస్తు పెండింగ్‌లో ఉందా? ఉంటే, నిర్ణయం రాకముందే దేశం దాటితే ఆ దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. తండ్రి అంత్యక్రియలకి వెళ్ళినవాడు తిరిగి ఉద్యోగానికి రాలేని పరిస్థితి వస్తుంది. అందుకే టికెట్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న: "వీసా కాగితాలు ఎక్కడున్నాయి?" అడగాల్సింది క్లబ్‌నే, దుఃఖంలో ఉన్న మనిషిని కాదు.

సెలవు సంగతి. బ్రిటన్ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు బిడ్డ చనిపోతే ఉద్యోగికి రెండు వారాల సెలవు హక్కు ఉంది, 2020 ఏప్రిల్ నుంచి. పెంచి పెద్దచేసిన పెదనాన్న పోతే మాత్రం చట్టంలో అలాంటి గ్యారంటీ లేదు. పసిఫిక్ కుటుంబాల్లో అతను తండ్రితో సమానం. ఇక్కడ అభిమానుల మాట పనికొస్తుంది. "అతను రెండు మ్యాచ్‌లు ఆడకపోయినా మాకు ఫర్వాలేదు" అని సంఘం తరఫున క్లబ్‌కి ఒక ఉత్తరం రాస్తే కోచ్ మీద ఒత్తిడి తగ్గుతుంది.

[తెరపై: నాలుగు, పది, వంద]

వ్యాఖ్యానం: వెళ్ళలేకపోతే? ఫిజీలో బంధువులు చాపలు, తబువా అనే తిమింగలం పన్ను, యంగోనా అనే పానీయం చేసే వేరు తీసుకుని పరామర్శకి వెళ్ళే ఆచారాన్ని రెగురెగు అంటారు. నాలుగో రాత్రి, పదో రాత్రి, వందో రాత్రి పాటిస్తారు. ఇక్కడ ఒంటరిగా ఉన్నవాడికి ఆ రాత్రులు మహా బరువు. బ్రిటిష్ సైన్యంలో ఫిజీవాళ్ళు చాలామంది ఉన్నారు. టిడ్‌వర్త్, ఆల్డర్‌షాట్, క్యాటరిక్ లాంటి సైనిక పట్టణాల్లో వాళ్ళ కుటుంబాలు, ప్రార్థన బృందాలు ఉంటాయి. అతను సరేనంటే క్లబ్‌హౌస్‌లో ఒక గది ఇప్పించి, వాళ్ళని రప్పించి, రానూపోనూ కార్లు ఏర్పాటు చేయండి. కీర్తనలు, ప్రార్థన వాళ్ళు చూసుకుంటారు. మీరు టీ కాచి, కుర్చీలు వేసి, పక్కన ఉంటే చాలు.

యంగోనా, అంటే కావా, మాత్రం మీరు కొనిపెట్టకండి. ఇంగ్లండ్‌లో దాన్ని తినే తాగే వస్తువుగా అమ్మడం 2003 నుంచి నిషేధం.

[తెరపై: 5 పౌండ్ల విరాళంలో ఎంత పోతుంది?]

వ్యాఖ్యానం: ఇక చందాలు. అమెరికాలో మన పిల్లలకి ఏదైనా జరిగితే గంటలో గోఫండ్‌మీ అనే ఆన్‌లైన్ చందాల సైటు లింక్ వాట్సాప్‌లో తిరుగుతుంది కదా, ఇక్కడా అంతే. కానీ ఆటగాడి అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు. ఊరందరికీ అన్నం పెట్టేవాడని ఇంటి దగ్గర పేరున్న మనిషి, తన పేరు మీద చందా కనిపిస్తే తలెత్తుకోలేడు.

బ్రిటన్‌లో గోఫండ్‌మీ ప్రతి విరాళం మీద 2.9 శాతం, దానిపైన 25 పెన్నీలు తీసుకుంటుంది. పది మంది విడివిడిగా 5 పౌండ్లు వేస్తే దాదాపు 4 పౌండ్లు ఫీజుకే పోతాయి. పదీ కలిపి ఒకేసారి 50 వేస్తే పోయేది 1 పౌండ్ 70 పెన్నీలు. లబ్ధిదారుగా ఆటగాడి బ్రిటన్ ఖాతానే పెట్టండి. అక్కడి నుంచి ఫిజీలో ఎం-పైసా అనే మొబైల్ వాలెట్‌కి అతనే పంపుకుంటాడు. వ్యక్తికిచ్చే డబ్బు మీద గిఫ్ట్ ఎయిడ్ రాదు. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్ళు చారిటీకి ఇస్తేనే ప్రతి పౌండ్‌కి ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది.

[తెరపై: డయాలిసిస్ యంత్రం]

వ్యాఖ్యానం: కొన్ని కష్టాలకి ఇంటికి వెళ్ళిపోవడం మందు కాదు. టోంగా తరఫున ఆడిన సియోనె వయోముంగాకి రొమేనియాలో బయా మారె క్లబ్‌కి ఆడుతున్నప్పుడు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అప్పట్లో టోంగాలో డయాలిసిస్ లేదు. ఇంటికి వెళ్తే బతకడు, ఉంటే సంపాదన లేదు. ఇలాంటప్పుడు ఒక్కసారి పెద్ద మొత్తం కన్నా నెలనెలా వచ్చే చిన్న మొత్తమే ఆదుకుంటుంది. అద్దె ఆగదు కదా.

క్లబ్బే మూతపడితే? 2022లో వూస్టర్ వారియర్స్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్ కుప్పకూలాయి. విదేశీ ఆటగాడి వీసా క్లబ్ స్పాన్సర్‌షిప్‌కి ముడిపడి ఉంటుంది. అది పోతే వీసాలు చూసే హోం ఆఫీస్ సాధారణంగా ఇచ్చే గడువు 60 రోజులు. ప్రభుత్వ సాయానికి అర్హత ఉండదు. అభిమానుల్లో లాయర్లు ఉంటే ఒక గంట ఇమిగ్రేషన్ సలహా ఇప్పించండి. అది వంద పూలగుత్తుల పెట్టు.

[తెరపై: 116 123 | 3114]

వ్యాఖ్యానం: రెండో నెలలో జనం మర్చిపోతారు, అప్పుడే మనిషి కుంగిపోతాడు. ప్రాక్టీస్ మానేస్తున్నా, ఫోన్ ఎత్తకపోయినా క్లబ్ డాక్టర్‌కి చెప్పండి. ప్రాణం తీసుకుంటాననే మాట వినిపిస్తే ఒంటరిగా వదలొద్దు. బ్రిటన్‌లో సమారిటన్స్ హెల్ప్‌లైన్ 116 123, ఫ్రాన్స్‌లో 3114. రెండూ ఉచితం, 24 గంటలూ పలుకుతాయి. ప్రమాదం అప్పటికప్పుడే ఉంటే బ్రిటన్‌లో 999, ఫ్రాన్స్‌లో 112.

చందా మిగిలితే ఏం చేస్తారో గోఫండ్‌మీ పేజీలో మొదటిరోజే రాయండి. చందా డబ్బాలు పెట్టి ఉంటే, వాటి సీలు తీసి, లోపలి చిల్లరని బంధుత్వం లేని ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. మొత్తం, ఫీజు, అందిన తేదీ మూడు వరుసల్లో పెట్టి పేజీ మూసేయండి. అతని ఇంటి సంగతులు అందులో రాయక్కర్లేదు.