ట్యాంకర్ వెనక పలక
(కొత్తగా చేరిన అగ్నిమాపక సిబ్బందికి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీ చేతుల్లో ఉన్న కాగితంలో రసాయనాలు లీకైన చోట మనం వాడే ఇరవై మాటలున్నాయి. వాటిని బట్టీ పట్టకండి. ముందు ఒక తెల్లవారుజాము సంగతి చెబుతాను.

2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే ద్రవం ఆవిరై ఊళ్లోకి వచ్చింది. 12 మంది ప్రాణాలు పోయాయి. గాలి బరువు 1 అనుకుంటే స్టైరీన్ ఆవిరిది 3.6. మీ కాగితంలో 'ఆవిరి సాంద్రత' అని రాసింది దీని గురించే. 1 దాటితే పైకి పోదు, నేల పట్టుకుని పాకుతుంది, కాలవల్లో, గోతుల్లో దిగి కూర్చుంటుంది. ఎల్‌పీజీ, క్లోరిన్ కూడా అంతే. పడిపోయిన మనిషిని లేపుదామని మంచి గాలి అందించే బ్రీతింగ్ సెట్ లేకుండా వంగితే, మీ ముక్కు సరిగ్గా ఆ ఆవిరిలోకే వెళుతుంది. మంచి మనసున్న వాళ్లే ఈ పొరపాటు చేస్తారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

స్టైరీన్‌కి ఇంకో గుణం ఉంది. తనలో తానే గొలుసులా అల్లుకుని ప్లాస్టిక్‌గా మారుతుంది. అలా మారేటప్పుడు పుట్టే వేడి ఆ మార్పును ఇంకా తొందర చేస్తుంది. ఇదే పాలిమరైజేషన్. దాన్ని ఆపడానికే ట్యాంకును చల్లగా ఉంచి, టీబీసీ అనే మందు కలుపుతారు. ఆ రోజు ఆ మందును గుజరాత్ నుంచి విమానంలో తెప్పించారు. కాబట్టి ఏం కారుతోందని అడిగి ఊరుకోకండి, లోపల వేడి ఎంత ఉందో కూడా అడగండి.

ఫ్లాష్ పాయింట్ అంటే దానంతటది అంటుకునే వేడి అని చాలామంది పరీక్షలో రాస్తారు. అది తప్పు. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి లేచే కనీస ఉష్ణోగ్రత అది. స్టైరీన్‌కి సుమారు 31 డిగ్రీలు, అంటే మన ఎండాకాలం మధ్యాహ్నం చాలు. పెట్రోల్‌కి సున్నాకి 40 డిగ్రీల కింద.

ఇక ట్యాంకర్ మీద ఉండే పలక. లోపలున్న రసాయనం ఏదో దాని మీది యూఎన్ నంబర్ చెబుతుంది, మనం ఏం చేయాలో హాజ్‌కెమ్ కోడ్ చెబుతుంది. అమోనియాకి యూఎన్ నంబర్ 1005, హాజ్‌కెమ్ కోడ్ 2ఆర్ఇ. క్లోరిన్‌కి 1017, 2ఎక్స్ఇ. ఐస్ ఫ్యాక్టరీలో ఒకటి, మంచినీళ్ల ప్లాంటులో ఇంకొకటి, రెండూ మనకి ఎదురయ్యేవే. 2 అంటే నీళ్లు సన్నని తుంపరగా కొట్టాలి. ఆర్ అంటే బాగా నీళ్లు పోసి పలచన చేయొచ్చు. ఎక్స్ అంటే కాలవలోకి పోకుండా కట్టడి చేయాలి. రెండింటికీ ఒళ్లంతా కప్పే కెమికల్ సూట్ తప్పదు. చివర ఇ ఉంటే జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలి. ఒక్క జాగ్రత్త: క్లోరిన్ కారే రంధ్రం మీదే నీళ్లు కొట్టొద్దు. తడిసిన క్లోరిన్ లోహాన్ని తినేసి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది.

ప్రమాదం ఎంత ఉందో బట్టి విడదీసే హాట్, వార్మ్, కోల్డ్ జోన్ల సంగతి మైదానంలో గీతలు గీసి చూపిస్తాం. బయట ఖాళీ ట్యాంకర్ నిలబెట్టాం. గాలి వీపుకు తగిలే వైపు నుంచి వెళ్లి, దూరం నుంచే బైనాక్యులర్‌తో పలక చదవండి. ఏం రాసుందో వచ్చి నాకు చెప్పండి.