హార్మోన్ కబురు ఒక కణానికి, పెరిగేది పక్క కణం

[తెర మీద: పాల నాళం గోడ. కొన్ని కణాలు నీలం, మిగతావి తెలుపు.]

ఈస్ట్రోజెన్ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. కానీ రొమ్ములో ఇక్కడ దాని మాట వినేవి ఈ నీలం కణాలే. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ అనే ప్రొటీన్ వీటిలోనే ఉంటుంది మరి.

ఈస్ట్రోజెన్ కొవ్వులో కరిగే చిన్న అణువు. కణం పొర దాటి లోపలికెళ్లి రిసెప్టర్‌కి అతుక్కుంటుంది. ఆ జంట డీఎన్‌ఏ మీద తనకు కుదిరే చోట కూర్చుంటే, కొన్ని జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ కాపీలు ఎక్కువగా వస్తాయి. వాటిని చదివి కణం ప్రొటీన్లు చేస్తుంది.

[నీలం కణం నుంచి చుక్కలు పక్కలకు పోతాయి.]

నాకు బాగా నచ్చే సంగతి ఇది. మామూలు రొమ్ములో కబురు విన్న నీలం కణం తాను పెద్దగా విభజన చెందదు. యాంఫిరెగ్యులిన్ అనే ప్రొటీన్ తయారుచేసి బయటికి వదులుతుంది. అది చుట్టూ ఉన్న కణజాలాన్ని కదిలిస్తే, పెరిగేది తెల్ల కణాలు!

ఈస్ట్రోజెన్ చేయించే ఇంకో ప్రొటీన్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్. అంటే తర్వాత రాబోయే హార్మోన్‌కి ముందే కుర్చీ వేసి ఉంచుతుందన్నమాట. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ పెరుగుతుంది, ర్యాంక్ లైగాండ్ అనే ప్రొటీన్‌తో మళ్లీ పక్క కణాలకే కబురు. నెలసరి చక్రంలో రొమ్ము కణాలు ఎక్కువగా విభజన చెందేది ఈ రెండో సగంలోనే.

గర్భంలో ఇదే ప్రొజెస్టెరాన్ పాలకు బ్రేక్ వేస్తుంది. కాన్పులో మాయ పడిపోగానే దాని మోతాదు పడిపోతుంది. అప్పుడు ప్రొలాక్టిన్ అనే హార్మోన్ చెప్పినట్టు కేసీన్ లాంటి పాల ప్రొటీన్లు జోరుగా తయారవుతాయి.

[తెర మీద: బయాప్సీ రిపోర్టు. ఈఆర్, పీఆర్ అన్న వరుసలు.]

రొమ్ము క్యాన్సర్లలో సుమారు 70 నుంచి 80 శాతం ఈఆర్ పాజిటివ్, అంటే వాటి కణాల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఈఆర్) ఉంటుంది. వీటిలో పాత పద్ధతి తిరగబడుతుంది. కబురు విన్న కణమే విభజన చెందుతుంది. పీఆర్, అంటే ప్రొజెస్టెరాన్ రిసెప్టర్, కూడా ఎందుకు చూస్తారంటే, అది ఈస్ట్రోజెన్ చేయించే ప్రొటీన్ కదా, కనబడితే రిసెప్టర్ పనిచేస్తోందని డాక్టర్లకు ఒక ఆధారం.

అన్నట్టు, ఈస్ట్రోజెన్ పేరు కూడా తెలియని 1896లోనే గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్, అండాశయాలు తీసేస్తే కొందరిలో రొమ్ము గడ్డ తగ్గుతుందని రాశాడు.

టమాక్సిఫెన్ అనే రొమ్ము క్యాన్సర్ మందు రొమ్ములో ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ని మూసేస్తుంది. గర్భాశయంలో మాత్రం కొంతవరకు ఈస్ట్రోజెన్‌లాగే నడుచుకుంటుంది, ఎందుకంటే రిసెప్టర్‌కి అక్కడ తోడొచ్చే ప్రొటీన్లు వేరు. అందుకే ఈ మందు వాడుతూ, నెలసరి ఆగిపోయిన తర్వాత మళ్లీ రక్తం కనబడితే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.