రంగే అంకె

అందరికీ నమస్కారం. పూల్ ఆడేవాళ్లు ఇక్కడ చాలామందే కనిపిస్తున్నారు. మీ బంతుల మీద అంకెలుంటాయి. రంగు కాస్త వెలిసినా ఎనిమిది ఎనిమిదే. పూల్‌లాగే బల్ల మీద కర్రతో బంతుల్ని కొట్టి గుంటల్లో వేసే ఇంకో ఆట స్నూకర్. దాని పోటీల్లో వాడే బంతిని చేతిలోకి తీసుకుని చూడండి, నున్నగా ఉంటుంది, దాని మీద ఏమీ రాసుండదు. అక్కడ రంగే అంకె. ఎరుపుకు 1 పాయింటు, పసుపు 2, ఆకుపచ్చ 3, గోధుమ 4, నీలం 5, గులాబీ 6, నలుపు 7.

ఈ లెక్క పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారులు 15 ఎర్రబంతులు, ఒక నల్లబంతితో ఆడేవారు. వాటికి ఇంకొన్ని రంగులు కలిపితే బాగుంటుందని నెవిల్ చాంబర్లెయిన్ అనే కుర్ర అధికారికి తోచింది. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన చాంబర్లెయిన్ కాదు లెండి, ఆయన వేరు. 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు రాసి గోడకు తగిలించారు.

బల్ల మీది ఆకుపచ్చ గుడ్డ అంతకంటే చాలా పాతది. పచ్చిక మీద ఆడే ఆట ఇంట్లోకొచ్చి బల్లెక్కింది, వస్తూ వస్తూ గడ్డి రంగునూ వెంట తెచ్చుకుంది.

ఈ రంగులకు అసలు వైభవం తెచ్చింది మాత్రం టీవీ. 1969లో బీబీసీ 2 కలర్ ప్రసారాల గొప్పతనం చూపించడానికి 'పాట్ బ్లాక్' అనే స్నూకర్ కార్యక్రమం మొదలుపెట్టింది. కలర్ సెట్టు లేని ఇళ్లలో మాత్రం నీలం, గోధుమ, ఆకుపచ్చ అన్నీ ఒకే బూడిదముద్ద! ఏది ఏ బంతో వ్యాఖ్యాత నోటితో చెబితేనే తెలిసేది. పూల్‌కూ ఇదే చిక్కు. ఊదారంగు నాలుగో బంతి తెరమీద నల్లబంతిలా కనబడుతోందని, టీవీ పోటీల కోసం దాన్ని గులాబీ చేశారు. నా కంటికి అది అంత నప్పలేదు.

మరి కళ్లకే రంగుల తేడా తెలియకపోతే? 2002 ప్రపంచ ఛాంపియన్ పీటర్ ఎబ్డన్‌కు వర్ణాంధత్వం ఉంది. ఎర్రబంతుల గుంపులోకి గోధుమ బంతి దూరిందంటే అలాంటి ఆటగాడికి గండమే. ఎర్రబంతిని కొట్టాల్సిన వంతులో పొరపాటున దాన్ని కొడితే ఫౌల్, ప్రత్యర్థికి 4 పాయింట్లు. అందుకే నియమాల్లో ఒక వెసులుబాటు పెట్టారు. నియమాలు అనుమతించని ప్రశ్నలకు రిఫరీ పెదవి విప్పడు. కానీ వర్ణాంధత్వమున్న ఆటగాడు దగ్గరికొచ్చి "అది ఏ రంగండీ?" అని అడిగితే మాత్రం చెప్పి తీరాలి.