రాళ్ళు పాతకముందే అడగాలి: రోడ్ల ప్రణాళికలో జనం మాటపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. రీజినల్ రింగ్ రోడ్డు, మెట్రో పొడిగింపు, బైపాస్‌లు... ఈ మధ్య ఎవరు కలిసినా ఇదే ముచ్చట. గీత గీసేది ఎవరో, దాని మీద బతికేది ఎవరో. ఆ బతికేవాళ్ళు ఎప్పుడు, ఎక్కడ మాట్లాడితే పని జరుగుతుంది? ఇవాళ మనతో భూసేకరణ కేసులు చూసే న్యాయవాది ఉన్నారు. రిటైరైన టౌన్ ప్లానర్ ఉన్నారు. హైదరాబాద్ శివారు కాలనీ సంఘం కార్యదర్శి, బైపాస్‌లో భూమి పోతున్న ఒక రైతు కూడా వచ్చారు. పెద్దాయనా, మీకు మొదట ఎట్లా తెలిసింది?

రైతు: పొలంలో రాళ్ళు పాతుతుంటే తెలిసింది సార్. అడిగితే, పేపర్లో వేశాం కదా అన్నారు. వేసిన మాట నిజమే. చీమ తలకాయంత అక్షరాలు, పేజీ నిండా సర్వే నంబర్లు. మా ఊళ్ళో ఒక్కరూ చూడలేదు.

న్యాయవాది: ఆ చీమ తలకాయల పేజీయే అసలు సంగతి. జాతీయ రహదారుల చట్టం, 1956 ప్రకారం మొదట సెక్షన్ 3ఏ కింద, ఈ భూమి తీసుకోబోతున్నాం అనే నోటిఫికేషన్ గెజిట్‌లో, అంటే ప్రభుత్వ అధికార పత్రంలో వస్తుంది. దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. తర్వాత 3సీ కింద అభ్యంతరం చెప్పడానికి ఇచ్చేది 21 రోజులే. పేపర్లో చూసిన రోజు నుంచి కాకుండా గెజిట్ తేదీ నుంచి లెక్కేసుకోవడం క్షేమం. ఆ గడువు దాటి, భూమి తీసుకుంటున్నాం అనే 3డీ ప్రకటన వచ్చిందంటే భూమి కేంద్రానిదైపోతుంది. ఇక మిగిలేది పరిహారం మీద పోరాటమే.

వ్యాఖ్యాత: అన్ని రోడ్లకూ ఇంతేనా మేడం?

న్యాయవాది: కాదు. 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటే అభ్యంతరాలకు 60 రోజులుంటాయి. భూమి పోతే అక్కడి జనం బతుకు ఏమవుతుందో ముందే చూసే సామాజిక ప్రభావ అంచనా అనే దశ కూడా ఆ చట్టంలో ఉంది. జాతీయ రహదారులకు 2013 చట్టంలోని పరిహారం లెక్క వర్తిస్తుంది కానీ ఆ అంచనా వర్తించదు. అందుకే మీ ఊరికి వచ్చే రోడ్డు ఏ చట్టం కింద వస్తుందో ముందు అడగండి. నన్నడిగితే 21 రోజులు చాలా అన్యాయం. కోత సీజన్లో వస్తే ఎవరు చూస్తారు?

ప్లానర్: రైతు ఆ దశకి వచ్చేసరికి అలైన్‌మెంట్, అంటే రోడ్డు ఎటు పోవాలో ఆ గీత, ఖాయమైపోయి ఉంటుంది మేడం. అసలు నిర్ణయం అంతకుముందే, మాస్టర్ ప్లాన్‌లోనో, జనం రాకపోకల లెక్కతో వేసే మొబిలిటీ ప్లాన్‌లోనో జరుగుతుంది. 2017 మెట్రో రైలు విధానం ప్రకారం కేంద్రం సాయం కావాలంటే నగరానికి సమగ్ర మొబిలిటీ ప్లాన్ ఉండాలి. దానికోసం ఇళ్ళకి సర్వే వాళ్ళొస్తారు. ఇంట్లో ఎంతమంది, ఎక్కడికి, దేంట్లో వెళ్తారు అని అడుగుతారు. మనవాళ్ళేమో సేల్స్‌వాళ్ళనుకుని తలుపేసేస్తారు! రేపు మీ వీధికి బస్సు ఎందుకు లేదంటే, లెక్కల్లో మీరు లేరు కాబట్టి.

కార్యదర్శి: సార్, మేం తలుపు తీసినా ఏం లాభం? మా కాలనీలో అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం, ఫుట్‌పాత్ కావాలని. జవాబే లేదు.

ప్లానర్: ఒకే కాగితం మీద వంద సంతకాలుంటే ఫైల్లో అది ఒక్క విజ్ఞప్తి కిందే పోతుందమ్మా. ఎవరికి వారు విడిగా రాయాలి. ఆఫీసులో అర్జీలు తీసుకునే తపాలు సెక్షన్‌లో, అందినట్టు స్టాంపు వేయించుకోవాలి. స్కూలు గేటు నుంచి బస్టాపు దాకా నడవడానికి జాగా లేదు అని చోటు చెప్పి రాస్తే ఇంజనీరు డ్రాయింగ్ తీస్తాడు. 'మాకు సౌకర్యాలు కల్పించగలరు' అంటే ఏం తీస్తాడు?

కార్యదర్శి: మరి రోడ్డెక్కితే పని అవుతోంది కదా. బెంగళూరులో స్టీల్ ఫ్లైఓవర్ అట్లాగే ఆగింది. 2016 అక్టోబరులో మానవహారం కట్టారు, 2017 మార్చిలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మన కామారెడ్డిలో రైతులు లేచేసరికి 2023 జనవరిలో డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ రద్దు చేస్తూ మున్సిపాలిటీ తీర్మానం చేసింది.

ప్లానర్: అయింది, కాదనను. ముందే కూర్చోబెట్టి అడిగి ఉంటే రోడ్డెక్కే పనుండేది కాదంటున్నా.

న్యాయవాది: రోడ్డెక్కినా కాగితం పెట్టడం మానొద్దు. రేపు కోర్టుకి వెళ్తే 'వీళ్ళు అసలు అభ్యంతరమే చెప్పలేదు' అనేది అవతలివాళ్ళ మొదటి వాదన.

వ్యాఖ్యాత: టెంట్ వేసి పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ సంగతేంటి? అది తంతు అంటారు చాలామంది.

న్యాయవాది: చాలాచోట్ల తంతే, ఒప్పుకుంటాను. కానీ ఏ ప్రాజెక్టులకి ముందే పర్యావరణ అనుమతి కావాలో జాబితా ఇచ్చే 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లో మనం పట్టుకోదగ్గ నియమాలు కొన్ని ఉన్నాయి. కొత్త జాతీయ రహదారి ఆ జాబితాలో ఉంది. కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరో, ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయి అధికారో కూర్చోవాలి. సభ అయ్యాక ఎవరేమన్నారో అక్కడే చదివి వినిపించాలి. మనవాళ్ళు భోజనాలయ్యాక వెళ్ళిపోతారు. ఆ చదివేదాకా కూర్చోండి. మీ మాట అందులో లేకపోతే అప్పుడే లేచి అడగండి. ఇంకోటి, మెట్రో ఆ జాబితాలో లేదు. కాబట్టి మెట్రోకి ఈ సభ రాదు.

కార్యదర్శి: అంటే మా లాంటి వాళ్ళకి దారేది?

న్యాయవాది: సమాచార హక్కు చట్టం. సెక్షన్ 4(1)(సి) చూడండి. జనం మీద ప్రభావం పడే ముఖ్య విధానాలు తయారుచేసేటప్పుడే వివరాలు బయటపెట్టాలంటుంది. పెట్టకపోతే అప్లికేషన్ వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ప్లానర్: బస్సుల విషయానికి ఇంత చట్టం అక్కర్లేదు. ఆర్టీసీలో 'డయల్ యువర్ డీఎం' అని, డిపో మేనేజరే ఫోన్లో మాట్లాడేది పెడతారు, ఫోన్ చేయండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చాక ఏ ట్రిప్పులో నిలబడడానికి చోటు లేదో డిపో వాళ్ళకి మీరు చెప్తేనే తెలిసేది. టైము, రూట్ నంబరు చెప్పండి చాలు.

రైతు: అవన్నీ సరే సార్. నా భూమి పోయేదెట్లాగూ పోతుంది. రోడ్డుకి అవతల నాకు ఇంకో రెండెకరాలుంది. ఎడ్లబండి, ట్రాక్టర్ ఎట్లా దాటాలి? వాన నీళ్ళు పోవడానికి తూము పెడతారా? ఎవరినడగాలి?

ప్లానర్: ఇది మంచి ప్రశ్న. సభల్లో అందరూ పరిహారం మీదే మాట్లాడతారు. అండర్‌పాస్, తూము, సర్వీసు రోడ్డు అడిగేవాళ్ళు తక్కువ. నిజానికి ఇవే ఎక్కువగా ఒప్పుకునే వీలున్నవి. పని మొదలైందా పెద్దాయనా?

రైతు: ఇంకా లేదు. రాళ్ళే ఉన్నాయి.

ప్లానర్: అయితే టైముంది. గ్రామసభలో తీర్మానం చేయించండి. ఏ సర్వే నంబరు దగ్గర దాటాలి, వాగు ఎటు పారుతుంది, పోయిన వానాకాలం నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, అన్నీ అందులో రాయించండి. ఒక కాపీ రోడ్డు వేసే సంస్థ ప్రాజెక్టు డైరెక్టర్‌కి, ఒకటి ఆర్డీవోకి ఇవ్వండి. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కలెక్టర్‌కి ఇంకోటి.

రైతు: తీర్మానం సర్పంచ్ రాస్తాడా?

న్యాయవాది: పంచాయతీ కార్యదర్శి రాస్తారు. రిజిస్టర్‌లో ఎక్కిందో లేదో మీరే చూసుకుని, కాపీ మీద ముద్ర వేయించుకోండి.

వ్యాఖ్యాత: చిన్న విరామం. తర్వాత ఫోన్ కాల్స్ తీసుకుందాం. సిద్దిపేట నుంచి ఒకరు లైన్లో ఉన్నారు.