ఉప్పు పిలిచినంతగా ఏదీ పిలవలేదు

సభకు నమస్కారం.

సహాయ నిరాకరణ, ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా. పరీక్షల కోసం ఈ మూడింటినీ సంవత్సరాలతో సహా బట్టీ పట్టాం. ఒక్కో ఉద్యమం మామూలు మనిషిని ఏం చెయ్యమని అడిగిందో మాత్రం ఎవరూ మనకు చెప్పలేదు. అసలు తేడా అక్కడే ఉందని నా నమ్మకం.

1920లో మొదలైన సహాయ నిరాకరణ ముఖ్యంగా వదులుకోమంది. బిరుదులు, కోర్టులు, సర్కారు కాలేజీలు. కాబట్టి ముందు కదిలింది ప్లీడర్లు, చదువుకునే కుర్రాళ్లు. తెలుగు జనం అక్కడితో ఆగలేదు లెండి. మున్సిపాలిటీ పన్నులు కట్టేది లేదని చీరాల-పేరాల వాళ్లు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఏకంగా ఊరే ఖాళీ చేశారు. పెదనందిపాడు రైతులు శిస్తు ఆపేశారు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో 22 మంది పోలీసులు చనిపోయాక గాంధీజీ ఉద్యమాన్నే నిలిపేశారు. అదే ఏడాది ఆగస్టులో, 2022 దాకా మన విశాఖ జిల్లాలో ఉన్న చింతపల్లిలో, అల్లూరి సీతారామరాజు పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు. అంతకుముందు తాగుడు మానండి, తగవులు పంచాయతీలో తీర్చుకోండి అని మన్యంలో చెప్పింది కూడా ఆయనే. ఉద్యమాన్ని నిలిపేశారు గానీ, మన్యం మీద సర్కారు పెట్టిన అడవి ఆంక్షలు, వెట్టిచాకిరీ మాత్రం ఎవరూ నిలిపెయ్యలేదు కదా!

ఇక 1930. నా మనసు ఎక్కువగా నిలిచేది ఇక్కడే. సముద్రం ఒడ్డున పుట్టి, కళ్లెదుట ఉప్పు పేరుకుంటుంటే, దాన్ని తీసుకుంటే నేరం. పన్ను కట్టి కొనుక్కోవాలి. మన తీరంలో ఆ అన్యాయాన్ని ఎవరికీ వివరించక్కర్లేదు. మార్చి 12న సబర్మతిలో బయలుదేరి, సుమారు 385 కిలోమీటర్లు నడిచి, గాంధీజీ ఏప్రిల్ 6న దండిలో చట్టాన్ని ధిక్కరించారు. దానికి చదువు అక్కర్లేదు, ఆస్తి అక్కర్లేదు. ఒక కుండ, పొయ్యి, ఉప్పునీళ్లు చాలు. అందుకే ఆడవాళ్లు అంతమంది వచ్చారు. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి మద్రాసులో ముందు నిలబడి జైలుకెళ్లారు. విశాఖలో తెన్నేటి విశ్వనాథం గారు ఈ ఉద్యమంలో దిగారు.

ఏప్రిల్ 6 ఊరికే ఎంచుకున్న రోజు కాదు. 1919లో, విచారణ లేకుండానే జైల్లో పెట్టే రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా దేశమంతా హర్తాళ్ చేసిన రోజది. 1942లో సరిగ్గా అదే తేదీన జపాన్ విమానాలు మన విశాఖ హార్బర్ మీద బాంబులు వేశాయి. ఊళ్లో జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న ఆ ఏడాదే ఆగస్టులో క్విట్ ఇండియా వచ్చింది. తొమ్మిదో తేదీ తెల్లారేసరికి పెద్ద నాయకులంతా జైల్లో ఉన్నారు. ఎవరికి వాళ్లే నాయకులు. తెనాలిలో 12న జనం రైల్వే స్టేషన్ తగలబెట్టారు, కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. దీన్ని 1930తో సమానంగా అహింస అనలేను. అయినా ఆంధ్ర కాంగ్రెస్ పంపిన సర్క్యులర్ ఒకటుంది. టెలిగ్రాఫ్ తీగలు తెంపడానికి ఒప్పుకున్న ఆ కాగితమే మనుషుల ప్రాణాలకు ముప్పు రానివ్వొద్దని కూడా హెచ్చరించింది. అంత ఆవేశంలోనూ ఆ మాట రాశారు. అందుకే 1942ని హింస ఖాతాలో వేసెయ్యడానికి నేను ఒప్పుకోను.