నాణెం, శిరస్త్రాణం, ఇద్దరు స్నేహితులు

ఆకాశవాణి శ్రోతలకు నమస్కారం.

జనగామ, వరంగల్ పల్లెల్లో చిందు యక్షగానం ఆడేవేళ, అభిమన్యుడు పద్మవ్యూహం నుంచి తిరిగి రాడని అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా తెల్లవారేదాకా ఎవరూ లేవరు. 2011లో మాథ్యూ వాన్ దర్శకత్వంలో వచ్చిన ‘ఎక్స్-మెన్: ఫస్ట్ క్లాస్’ను నేను చూసేదీ ఆ మనసుతోనే.

పుట్టుకతోనే అసాధారణ శక్తులున్న ‘మ్యూటెంట్ల’ కథలతో 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ తెచ్చిన ‘ఎక్స్-మెన్’ కామిక్స్ తొలి సంచికలోనే ప్రొఫెసర్ జేవియర్, మాగ్నీటో ప్రత్యర్థులు. ఈ సినిమా వారి వైరానికి ముందున్న స్నేహాన్ని చెబుతుంది. కథాకాలం 1962. క్యూబా క్షిపణుల సంక్షోభంతో ప్రపంచం అణుయుద్ధం అంచున నిలబడిన సంవత్సరం. వీరిద్దరూ విడిపోతారని తెలిసి చూస్తాం కాబట్టి, చదరంగం బల్ల దగ్గర వారు నవ్వుకున్నా మనకు గుండె బరువెక్కుతుంది.

చార్లెస్ జేవియర్ కలవారి బిడ్డ, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. ఎదుటివారి మనసులోకి తొంగిచూడగలడు. ముందుముందు మాగ్నీటో కాబోయే ఎరిక్ యూదుల బిడ్డ, లోహాన్ని చూపుతోనే కదిలించగలడు. 1944లో, పోలండ్‌లోని నాజీ శిబిరంలో ఒక డాక్టరు ఆ పిల్లవాడి ముందు నాణెం పెట్టి, కదిలించమంటాడు. మూడు లెక్కపెట్టేలోగా అది కదలకపోతే తల్లిని కాల్చేస్తానంటాడు. నాణెం కదలదు. తల్లి నేలకొరుగుతుంది.

పెద్దవాడైన ఎరిక్‌కు కోపం ఒక్కటే బలం. దూరంగా ఉన్న పెద్ద డిష్ యాంటెన్నాను తిప్పమని చార్లెస్ అడిగితే, కోపంతో ఎంత ప్రయత్నించినా అది కదలదు. అప్పుడు చార్లెస్ అతని అనుమతితోనే మనసులోకి వెళ్లి, అట్టడుగున ఉన్న ఒక జ్ఞాపకాన్ని వెలికి తీస్తాడు. తల్లీ కొడుకులు కలిసి కొవ్వొత్తులు వెలిగిస్తున్న రాత్రి అది. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు. యాంటెన్నా మెల్లగా తిరుగుతుంది. జేమ్స్ మెకవాయ్, మైకేల్ ఫాస్‌బెండర్ నటనకు ఈ ఒక్క సన్నివేశం చాలు. వీరిద్దరూ చేరదీసిన మిగతా మ్యూటెంట్ కుర్రకారు శిక్షణ సరదాగా ఉంటుంది కానీ నాకు అంతగా పట్టలేదు. చార్లెస్‌తో కలిసి పెరిగిన, రూపం మార్చుకోగల రేవెన్‌గా జెన్నిఫర్ లారెన్స్ మాత్రం గుర్తుండిపోతుంది.

ఆ డాక్టరే ఇప్పుడు సెబాస్టియన్ షా పేరుతో అమెరికా, సోవియట్‌లను అణుయుద్ధానికి ఉసిగొల్పుతుంటాడు. మనసు చదివేవారిని అడ్డుకునే శిరస్త్రాణం అతని తలపై ఉంటుంది. ఎరిక్ దాన్ని ఊడబెరికిన క్షణంలో చార్లెస్ షా మనసును పట్టి, అతన్ని శిలలా నిలబెడతాడు. ఎరిక్ ఆ శిరస్త్రాణాన్ని తానే పెట్టుకుంటాడు. మూడు లెక్కపెట్టి, పాత నాణేన్నే షా నుదుటిలోంచి పంపిస్తాడు. షాను వదిలేస్తే అతను ఎరిక్‌ను చంపేస్తాడు, కాబట్టి చార్లెస్ వదలలేడు. నాణెం దూసుకుపోతున్నంతసేపూ కేక మాత్రం చార్లెస్‌ది. ఎరిక్ పగ తీర్చుకుంటుంటే, ఆ నొప్పిని అనుభవించేది అతని స్నేహితుడు!

తర్వాత సముద్రతీరం. అమెరికా, సోవియట్ నౌకలు రెండూ ఈ మ్యూటెంట్ల మీదికే క్షిపణులు వదులుతాయి. ఎరిక్ వాటిని గాలిలోనే ఆపి వెనక్కి మళ్లిస్తాడు. ఆపమని వేడుకుంటూ చార్లెస్, ఆ నౌకల్లో ఉన్నది ఆదేశాలు పాటించే మంచివాళ్లేనని అంటాడు. ఆదేశాలు పాటించేవారి చేతుల్లోనే తల్లిని పోగొట్టుకున్న వాడితో అనే మాటా అది? ఎరిక్ గాయాన్ని చార్లెస్ కంటే బాగా ఎరిగినవారు లేరు. కానీ శిరస్త్రాణం అడ్డుపడి, ఆ మనసులోకి దారి మూసుకుపోయింది. మనసు చదవడం అలవాటైనవాడికి, మాటతో మనసు చేరుకోవడం చేతకాలేదు. నా దృష్టిలో స్నేహం తెగింది అక్కడే. ఎరిక్ పక్కకు మళ్లించిన తూటా చార్లెస్ వెన్నులో దిగడం ఆ తర్వాతి సంగతి.

ఎవరి పక్షమని నన్ను అడిగితే, నౌకలను కాపాడాలన్న చార్లెస్ మాటే న్యాయమంటాను. కానీ మామూలు మనుషులు మ్యూటెంట్ల మీదికి తిరగబడతారని ముందే చెప్పింది ఎరిక్. అదే జరిగింది కూడా. అందుకే అతన్ని విలన్ అనడానికి నాకు నోరు రాదు.